చూచినది చూచినట్లు వ్రాయడము



ఇంటర్మీడియట్ చదివే పిల్లలున్న ఇళ్లలో ప్రాక్టికల్ పరీక్షలు దగ్గరపడే కొద్దీ రాత్రి పొద్దుపోయేదాకా లైటు వెలుగుతూనే ఉంటుంది. ఒక పుస్తకమును తెరచి పక్కన పెట్టుకొని, మరొక పుస్తకములోకి గబగబా దింపుకొంటూ ఉంటారు. "ఏమి వ్రాస్తున్నావమ్మా?" అని అడిగితే, "ఫిజిక్స్ రికార్డు నాన్నా, రేపు సంతకము పెట్టించుకోవాలి" అంటుంది అమ్మాయి. బిడ్డ కష్టపడుతోందని తల్లిదండ్రులు సంతోషిస్తారు. పక్కనున్న పుస్తకము నిరుడు చదివిన వారిదని, దానిలోని అంకెలు అంతకు ముందటి ఏడు ఎవరో వ్రాసినవని వారికి తెలియదు. తెలిసినా, అందులో తప్పేమున్నదో తోచకపోవచ్చు. అందుకే ఈ నెల మనము ఆ రికార్డును గురించి మాట్లాడుకొందాము.

రికార్డు అంటే అందమైన అక్షరములు, స్కేలుతో గీసిన పట్టికలు, అట్ట వేసిన పుస్తకము మాత్రమే కాదు. అది ఒక సాక్ష్యము. "ఫలానా రోజున, ఫలానా పరికరముతో, నేను ఇట్లు చేశాను, నాకు ఇది కనబడింది" అని విద్యార్థి చెప్పే మాట. మనము పాల కేంద్రమునకు పాలు పోస్తాము. అక్కడివారు వెన్న శాతము చూడకుండానే నిన్నటి అంకెను ఈ రోజు వేస్తే ఊరుకుంటామా? కొలవకుండా వేసిన అంకె మన కష్టమును దోచుకుంటుందని మనకు బాగా తెలుసు. రికార్డులోని అంకె కూడా అటువంటిదే.

లఘులోలకము ప్రయోగమునే తీసుకొందాము. సన్నని దారమునకు చిన్న లోహపు గుండును కట్టి వ్రేలాడదీస్తారు. దానిని కొద్దిగా పక్కకు లాగి వదిలితే అటూ ఇటూ ఊగుతుంది. ఒకసారి వెళ్లి తిరిగి రావడమును ఒక డోలనము అంటారు. లోలకపు పొడవును, ఒక డోలనమునకు పట్టే కాలమును కొలిస్తే, భూమి వస్తువులను తనవైపు లాగుకొనే గురుత్వ త్వరణమును లెక్క కట్టవచ్చు. పొడవును 4π² తో గుణించి, కాలపు వర్గముతో భాగించాలి. మామూలుగా పుస్తకములో జవాబు 980 అని ఉంటుంది. అనగా వేగము ప్రతి సెకనుకు సెకనుకు 980 సెంటీమీటర్ల చొప్పున పెరుగుతుందన్నమాట.

ఒక విద్యార్థిని ఈ ప్రయోగము చేసిందనుకొందాము. 60, 80, 100 సెంటీమీటర్ల పొడవులు తీసుకున్నది. ప్రతి పొడవుకు 20 డోలనముల కాలమును పలుమార్లు కొలిచి సరాసరి చూస్తే 31.4, 36.2, 40.4 సెకన్లు వచ్చాయి. లెక్క వేస్తే జవాబులు 961, 964, 968. ఒక్కటీ 980 కాదు.

ఇక్కడే శోధన వస్తుంది. 40.4 ను చెరిపి 40.1 అని దిద్దితే జవాబు 982 అవుతుంది. ఎవరూ చూడరు. మార్కులూ పోవు. పక్క బెంచీవారు అదే చేస్తున్నారు.

అయితే ఆమె దిద్దకుండా ఆ మూడు జవాబులను పక్కపక్కన పెట్టి చూచిందనుకొందాము. పొడవు పెరిగే కొద్దీ జవాబు కూడా పెరుగుతున్నది. పొడవు తక్కువైన చోట తేడా ఎక్కువగా ఉన్నది. అంటే ప్రతిసారీ ఒకే కొంచెము పొడవు లెక్కలోనికి రాకుండా పోతున్నదేమో! తిరిగి చూస్తే సంగతి తెలిసింది. ఆమె దారమును గుండు పై అంచు వరకే కొలిచింది. లోలకపు పొడవును గుండు మధ్య వరకు కొలవాలి. వెర్నియర్ కాలిపర్స్‌తో చూస్తే గుండు వ్యాసము 2 సెంటీమీటర్లు, వ్యాసార్ధము 1. పొడవులను 61, 81, 101 అని సరిచేసి మళ్లీ లెక్కిస్తే జవాబులు 977, 976, 977 వచ్చాయి. మూడూ ఒక్క మాట మీద నిలిచాయి.

ఇంకొక విశేషము గమనించండి. గురుత్వ త్వరణము భూమి మీద అన్ని చోట్లా ఒకటి కాదు. భూమధ్యరేఖ దగ్గర సుమారు 978, ధ్రువముల దగ్గర సుమారు 983. మన తెలుగు నేల మీద అది 978 దరిదాపుల్లోనే ఉంటుంది. కాబట్టి అంకెను దిద్ది 980 తెచ్చుకున్న విద్యార్థి, తన నేల చెప్పిన మాటను కొట్టివేసి, పుస్తకములోని గుండు అంకెను పెట్టుకున్నాడన్నమాట.

20 డోలనములే ఎందుకు లెక్కపెట్టాలి? స్టాప్‌వాచ్ నొక్కడములో మన వేలు 0.2 సెకను అటూ ఇటూ కావచ్చు. ఒక్క డోలనమునకు పట్టేది 2 సెకన్లే అయితే ఆ తేడా నూటికి 10 అవుతుంది. 20 డోలనములకు 40 సెకన్లు గనుక అదే తేడా నూటికి అర మాత్రమే. లెక్కలో కాలమును వర్గము చేస్తాము గనుక జవాబులో అది సుమారు నూటికి 1 అవుతుంది. ఈ సంగతిని రికార్డులో వ్రాసిన విద్యార్థి తన కొలత ఎంతవరకు నమ్మదగినదో తానే చెప్పినవాడవుతాడు. అది బలహీనత కాదు, పెద్దమనిషి తరహా.

మంచి రికార్డులో ఉద్దేశము, పరికరములు, సూత్రము, చేసిన విధానము, పరిశీలనల పట్టిక, లెక్కలు, గ్రాఫు, జాగ్రత్తలు, ఫలితము వరుసగా ఉంటాయి. వీటిలో సూత్రమును పుస్తకము చూచి వ్రాసినా తప్పు లేదు. పరిశీలనల పట్టిక మాత్రము మన కంటి నుండి, మన చేతి నుండి రావాలి. ప్రయోగము చేస్తున్నప్పుడే పెన్నుతో వ్రాసుకోవాలి. తప్పు పడితే రబ్బరుతో చెరపకుండా, ఒక్క గీత కొట్టి పక్కన సరియైనది వ్రాయాలి. అంకె పక్కన ప్రమాణము తప్పక ఉండాలి. "జాగ్రత్తలు" అన్న చోట అందరూ వ్రాసే మాటలు కాక, నిజముగా మనము తీసుకున్న జాగ్రత్తలే వ్రాయాలి.

కుదరని అంకెను దాచుకోకుండా వ్రాసినందువలన ఏమి మేలు కలుగుతుందో ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు లార్డ్ రేలీ అనుభవము చెబుతుంది. ఆయన నైట్రోజన్ వాయువును తూచాడు. గాలి నుండి తీసిన నైట్రోజన్, అమ్మోనియా నుండి తీసినదాని కంటె కాస్త బరువుగా తేలింది. తేడా సుమారు 200లో ఒక వంతు మాత్రమే. త్రాసు తప్పని తోసివేయవచ్చు. ఆయన అట్లు చేయలేదు. 1892లో ఆ చిక్కును పత్రికలో బహిరంగముగా ప్రకటించి, కారణము తెలిసినవారు చెప్పండని అడిగాడు. తరువాత విలియం రామ్సేతో కలిసి వెదకగా, గాలిలో నూటికి ఒక వంతుకు కొంచెము తక్కువగా ఉన్న, అంతవరకు ఎవరికీ తెలియని వాయువు బయటపడింది. అదే ఆర్గాన్. 1894లో దానిని లోకమునకు ప్రకటించారు. 1904లో ఇద్దరికీ నోబెల్ బహుమానములు వచ్చాయి. నేడు పట్టణములలో ఆర్గాన్ వెల్డింగ్ అని బోర్డు కనబడితే, అది ఒక మనిషి దిద్దకుండా ఉంచిన అంకె ఫలమని పిల్లలకు చెప్పండి.

దీనికి వ్యతిరేకమైన సంగతి కూడా ఉన్నది. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో యాన్ హెండ్రిక్ షోన్ అనే యువ శాస్త్రజ్ఞుడు గొప్ప పేరు సంపాదించాడు. అయితే వేర్వేరు ప్రయోగములవని అతడు చూపిన గ్రాఫులు ఒకేలా ఉన్నాయని ఇతరులు గుర్తించారు. విచారణ సంఘము అడిగితే, సరియైన ప్రయోగశాల పుస్తకములు లేవు, అసలు కొలతలు మిగలలేదు. 2002లో అతని ఉద్యోగము, పేరు రెండూ పోయాయి. ఒకరి పట్టికను మరొకరు దింపుకొనే అలవాటు ఎంత దూరము పోగలదో చూడండి.

"మా కాలేజీలో పరికరములే సరిగా లేవు, అంకెలు బోర్డు మీద వ్రాసి ఇస్తారు, మా పిల్లలేమి చేస్తారు?" అని కొందరు తల్లిదండ్రులు అడుగవచ్చు. ఈ బాధ నిజమైనదే. పది మంది తల్లిదండ్రులు కలిసి వెళ్లి, ప్రయోగములు చేయించండని మర్యాదగా అడగడము మన హక్కు. అంతవరకు లఘులోలకము మాత్రము ఇంటిలోనే చేయవచ్చు. వసారాలోని దూలమునకు దారము కట్టి, ఒక బరువైన నట్టు వ్రేలాడదీస్తే సరిపోతుంది. దర్జీ టేపుతో పొడవు చూడవచ్చు. సెల్‌ఫోనులో స్టాప్‌వాచ్ ఉన్నది. బిడ్డ గడియారము చూస్తుంటే అమ్మ డోలనములు లెక్కపెట్టవచ్చు. దానికి చదువు అక్కరలేదు, ఓపిక చాలు.

మార్కుల భయము ఉన్న పిల్లలకు ఒక మాట. వైవాలో ఎగ్జామినరు "ఈ అంకె ఎట్లా వచ్చింది?" అని అడిగినప్పుడు, దింపుకున్నవాడు తల వంచుకుంటాడు. చేసినవాడు "నాకు మొదట 968 వచ్చింది సార్, ఎందుకంటే..." అని మొదలుపెడతాడు.

రికార్డు చదవలేని తండ్రి కూడా ఈ సాయంత్రము బిడ్డ పక్కన కూర్చొని, పట్టికలోని ఒక్క అంకె మీద వేలు పెట్టి, "ఇది నువ్వు చూచినదేనా?" అని మెల్లగా అడుగవచ్చు. కోపముతో కాదు, తెలిసికోవాలనే ప్రేమతో. అవునని బిడ్డ ధైర్యముగా చెప్పగలిగిన ఇల్లు ధన్యమైన ఇల్లు.