తప్పు, ఒప్పు, తప్పదు

స్కూల్లో తెలుగు పేపర్లో గ్యారంటీగా మార్కులొచ్చేది వ్యతిరేక పదాల్లోనే. నీతి × అవినీతి, న్యాయం × అన్యాయం, తప్పు × ఒప్పు. ఇప్పుడు మైత్రీవనం నుంచి పంజాగుట్ట దాకా ఒకసారి నడిచి రండి, ఆ పట్టికంతా తిరగరాయాల్సి వస్తుంది.

ఇక్కడ చెయ్యని ఉద్యోగాన్ని రెజ్యూమెలో రాసుకుంటే అబద్ధం అనరు, "మూడేళ్ళు పెట్టాను" అంటారు. మన బదులు ఇంకొకడు ఇంటర్వ్యూ ఇస్తే మోసం కాదు, ప్రాక్సీ. డబ్బు కట్టి ఉద్యోగం కొంటే లంచం కాదు, బ్యాక్‌డోర్. ఇదేం మనం కనిపెట్టిన విద్య కాదు లెండి. మామూలు అంటే అలవాటైనది అని అర్థం. లంచానికి ఆ పేరు మన తాతల కాలంలోనే పెట్టేశారు.

పేరు మారిస్తే ఏమవుతుంది అంటారా? వ్యతిరేక పదం మారిపోతుంది. గొడవంతా అక్కడే. మోసానికి వ్యతిరేకం నిజాయితీ. మరి "మేనేజ్ చెయ్యడం"కి? మేనేజ్ చెయ్యలేకపోవడం, అంటే చేతకానితనం. అందుకే ఉన్నది ఉన్నట్టు రాసి ఆరు నెలలుగా హాస్టల్లో కూర్చున్నవాడిని నిజాయితీపరుడు అనం, "పాపం, అమాయకుడు" అంటాం. (పాపం చేసేది ఒకరు, పాపం అనిపించుకునేది ఇంకొకరు!) వాడికి ఉద్యోగమూ రాలేదు, మంచివాడన్న పేరూ దక్కలేదు.

"ఫ్రెషర్స్‌ని ఎవడూ పిలవట్లేదు, తప్పదు బాస్" అంటారు. ఆ కష్టం నిజమే, కాదనను. కానీ తప్పు, తప్పదు రెండూ ఒకే ధాతువు నుంచి పుట్టాయి. తప్పదు అన్నంత మాత్రాన తప్పు కాకుండా పోదు.

పెద్దవాళ్ళూ ఇలాంటి మాటల చాటునే నిలబడ్డారు. 2009 జనవరి 7న సత్యం రామలింగరాజు గారు, లేని 5,040 కోట్ల నగదు లెక్కల్లో ఉందని ఒప్పుకుంటూనే, అసలు లాభానికీ పుస్తకాల్లో లాభానికీ మధ్య చిన్న గ్యాప్‌గా మొదలై ఏటేటా పెరిగిందని రాశారు. గ్యాప్! మన రెజ్యూమెల్లో పూడ్చేదీ దాన్నే కదా. 2015 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు మాత్రం దాన్ని మోసమనే పిలిచి 7 ఏళ్ళ జైలు శిక్ష వేసింది. (మే నెలలో పై కోర్టు ఆ శిక్షని నిలిపి బెయిలిచ్చింది.)

కాబట్టి ఆఫీసులో ఏదైనా కొత్త మాట వినబడితే నేను చేసే టెస్టింగ్ ఒకటే. దీనికి వ్యతిరేక పదం ఏంటి? ఆ పదం తగిలించగానే మంచివాడు చేతకానివాడిలా కనబడితే, ఆ మాట కింద ఏదో దాచారని అర్థం.

ఏమంటారు?