చౌరస్తాకు ఒక బ్యాటరీ

మే నెల సాయంత్రం హైదరాబాద్‌లో దుమారం లేచిందంటే ఏం జరుగుతుందో ఇక్కడ బతికేవాళ్లందరికీ తెలుసు. ముందు మట్టి వాసన, వెనకే గాలి, ఎక్కడో తీగల మీద కొమ్మ విరిగిపడ్డ చప్పుడు. కరెంటు పోతుంది. ఇంట్లో ఉన్నవాళ్లకు అది రెప్పపాటు సంగతి. ఇన్వర్టర్ టక్కుమంటుంది, ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది.

నిరుడు వేసవిలో అలాంటి సాయంత్రం నేను రోడ్డు మీద ఉన్నాను. మా ఇంటికి కాస్త అవతలి చౌరస్తాలో మూడు రంగులూ ఒక్కసారే ఆరిపోయాయి. నాలుగు దిక్కుల నుంచీ బండ్లు ముందుకు దూకాయి. రెండు నిమిషాల్లో ఆర్టీసీ బస్సు అడ్డంగా ఇరుక్కుంది, దాని చుట్టూ ఆటోలు, కార్లు, వాటి సందుల్లో బైకులు. వెనక ఎక్కడో 108 సైరన్ మోగుతోంది. ఎంతసేపు విన్నా ఆ మోత దగ్గరికి రావడం లేదు. ఒక పెద్దావిడ మందుల సంచి పట్టుకుని డివైడర్ మీద నిలబడి ఉంది. ఒక కాలు కిందికి దించుతుంది, మళ్లీ వెనక్కి తీసుకుంటుంది. ఆమె కోసం ఎవరూ ఆగలేదు. నేనూ ఆగలేదు. ముందున్న కారుకీ పక్కనున్న ఆటోకీ మధ్య నా స్కూటర్ చక్రం దూర్చాను. ఈ సంగతి ఒప్పుకోకుండా మిగతావాళ్లను ఏదైనా అడిగే హక్కు నాకు లేదు.

అలా ఇరుక్కుపోయి తలెత్తి చూస్తే, చౌరస్తా నాలుగు మూలలా వెలుగే. నగల దుకాణం జెనరేటర్ మీద ధగధగలాడుతోంది. ఏటీఎం పనిచేస్తోంది. మేడ మీది సెల్ టవరూ పనిచేస్తోంది కాబట్టే అందరూ ఆలస్యమవుతుందని ఇళ్లకు ఫోన్లు చేస్తున్నారు. ఆరిపోయింది ఒక్కటే, అక్కడున్న అందరికీ ఉమ్మడిగా చెందిన దీపం.

సెల్ టవర్ కింద బ్యాటరీలు ఎందుకుంటాయి? అది ఆగిన ప్రతి నిమిషం ఒక కంపెనీకి నష్టం కాబట్టి. దుకాణానికి జెనరేటర్ ఎందుకు? అడిగే యజమాని ఉన్నాడు కాబట్టి. చౌరస్తా ఆరిపోతే నష్టం వేలమందికి తలా కాస్త పంచుకుపోతుంది. ఒకరికి అరగంట, ఇంకొకరికి ఆసుపత్రి అపాయింట్‌మెంట్, మరొకరికి కాలు, ఎప్పుడో ఒకరికి ప్రాణం. పదిమందిలో పాము చావదని మన పెద్దలు ఊరికే అనలేదు. ఎవరో కొడతారులే అని ప్రతివాడూ చూస్తూ నిలబడతాడు.

ఖర్చు భరించలేనిదా అంటే, ఒక్కసారి లెక్క చూడండి. పాత రోజుల్లో సిగ్నల్‌లో ఒక్కో బల్బుకు 100 వాట్ల దాకా పట్టేది. ఇప్పటి ఎల్‌ఈడీ దీపానికి 10, 15 వాట్లు చాలు. మామూలు నాలుగు రోడ్ల కూడలిలో ఒక సమయంలో వెలిగే దీపాలన్నీ, వాటిని నడిపే కంట్రోలర్‌తో సహా కలిపినా రెండు మూడు వందల వాట్లు, అంటే మన ఇంట్లో మూడు నాలుగు సీలింగ్ ఫ్యాన్లంత. ఇంట్లో ఇన్వర్టర్ కింద పెట్టుకునే 150 ఏహెచ్ బ్యాటరీ ఒక్కటి అలాంటి కూడలిని నాలుగైదు గంటలు నడపగలదు. మధ్యతరగతి ఇల్లు కొనుక్కోగలిగినదాన్ని నగరం కొనలేదా?

కొనడం సులువే, కాపాడుకోవడం కష్టం. ఎర్రటి ఎండలో ఇనుప పెట్టెలో ఉడికే బ్యాటరీ, నీడపట్టున ఇంట్లో ఉండేదానికంటే చాలా ముందే చచ్చిపోతుంది. డిస్టిల్డ్ వాటర్ పోసే మనిషి కావాలి, ఆరునెలలకోసారైనా కరెంటు తీసి పరీక్షించే మనిషి కావాలి, దొంగల చేతికందని తాళం కావాలి. ప్రారంభోత్సవం రోజున ఫొటో దిగడానికి పదిమంది వస్తారు. రెండేళ్ల తర్వాత ఆ పెట్టె తెరిచి చూసేవాడి జీతానికి బడ్జెట్‌లో చోటుండదు. అడగాల్సింది దీని గురించే, గట్టిగా, మళ్లీ మళ్లీ.

ఇదివరకటిలా కరెంటు పోవడం లేదు కదా అంటారు కొందరు. నిజమే, పూటకోసారి కోతలున్న రోజులు పోయాయి. అందుకే ఇప్పుడు పోయినప్పుడు ప్రమాదం ఎక్కువ. పోయేది గాలివానలో, మునిమాపు వేళ, రోడ్డు తడిసి చూపు ఆనని సమయంలో. పైగా ఒకే ఫీడర్ మీదున్న నాలుగైదు చౌరస్తాలు కలిసి ఆరిపోతాయి. పోలీసులు వస్తారుగా అంటారు ఇంకొందరు. అన్ని కూడళ్లకూ ఒకే క్షణాన ఎక్కడి నుంచి వస్తారు? వానలో తడుస్తూ, ఈల ఊదుతూ, నాలుగు దిక్కులకు రెండు చేతులు చాచి నిలబడే హోంగార్డు మన నిర్లక్ష్యానికి తన ఒంటితో బదులు చెబుతున్నాడు. అతన్ని దాటి దూసుకుపోతున్నవాళ్లమూ మనమే.

అసలు ట్రాఫిక్ సిగ్నల్ రైళ్ల దగ్గర్నుంచే రోడ్డుకొచ్చింది. 1868 డిసెంబర్‌లో లండన్ పార్లమెంటు భవనం ముందు గ్యాసు దీపాలతో తొలి సిగ్నల్ పెట్టించినది జె.పి. నైట్ అనే రైల్వే ఇంజనీరు. నెల తిరిగేసరికి గ్యాసు లీకై అది పేలింది, దాన్ని నడిపే పోలీసు గాయపడ్డాడు. ఎరుపు, ఆకుపచ్చ రైళ్ల నుంచి తెచ్చుకున్నాం. రైల్వే వాళ్ల అసలు సూత్రాన్ని మాత్రం అక్కడే వదిలేశాం. ఆగమని చెప్పాల్సిన సిగ్నల్ దీపం ఆరిపోయి కనిపిస్తే రైలు డ్రైవర్‌కు అది ఎరుపు కిందే లెక్క. బండి ఆపాల్సిందే. మన రోడ్ల మీద ఆరిన దీపం ఆకుపచ్చ కింద లెక్క. అమెరికాలోని కాలిఫోర్నియాలో దీపం ఆరిన కూడలికి వస్తే ప్రతి బండీ ఆగి, వంతు చూసుకుని కదలాలన్నది చట్టం. మనకు చట్టం లేక కాదు. కూడలి దగ్గర వేగం తగ్గించాలనీ, ఎవరికీ హాని లేదని తెలిశాకే లోపలికి అడుగు పెట్టాలనీ, కుడివైపు నుంచి వచ్చేవాళ్లకు దారివ్వాలనీ 1989 నాటి రహదారి నిబంధనల్లోనే రాసుకున్నాం. లైసెన్సు తీసుకున్న రోజున అది మన సంతకం కింద ఉన్న మాట.

2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 198ఎ అనే సెక్షన్ చేర్చారు. రోడ్డు భద్రతా ప్రమాణాలు పాటించకపోవడం వల్ల మరణమో వైకల్యమో సంభవిస్తే, బాధ్యులైన అధికార సంస్థకో కాంట్రాక్టర్‌కో లక్ష రూపాయల దాకా జరిమానా పడుతుంది. ఆ సెక్షన్ స్ఫూర్తి సిగ్నల్ స్తంభం దాకా వచ్చి ఆగిపోకూడదు.

బ్యాటరీ ఒక్కటే చాలదన్నదీ నిజమే. 2012 జూలై 30, 31 తేదీల్లో ఉత్తరాది గ్రిడ్ వరసగా రెండు రోజులు కూలిపోయింది. రెండోరోజు తూర్పు, ఈశాన్య గ్రిడ్‌లూ దానితోపాటే పడిపోయాయి. 60 కోట్లమందికి పైగా ఉండే ప్రాంతం చీకటైంది. ఢిల్లీలో మెట్రో ఆగింది, సిగ్నళ్లు ఆరాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విరుచుకుపడ్డాక విశాఖలో ఎన్నో వీధులకు రోజుల తరబడి కరెంటు లేదు. అంతటి ఆపదకు ఏ ఇనుప పెట్టే సరిపోదు. అప్పుడు మిగిలేది మన కాలు బ్రేకు మీద పడుతుందా, యాక్సిలరేటర్ మీద పడుతుందా అన్నదొక్కటే. ఆ కాలికి అలవాటు మామూలు గాలివాన రోజుల్లోనే నేర్పాలి. తుఫాను వచ్చాక నేర్పలేం.

కాబట్టి ఈ వేసవి దుమారాలు మొదలవకముందే మన చౌరస్తా దగ్గర ఒకసారి ఆగుదాం. సిగ్నల్ కంట్రోలర్ పెట్టె ఎక్కడుందో చూద్దాం. దానిలో బ్యాటరీ ఉందా, ఉంటే చివరిసారి ఎప్పుడు పరీక్షించారు, నిర్వహణ కాంట్రాక్టు ఎవరిది, ఈ మూడూ సమాచార హక్కు చట్టం కింద కాలనీ సంఘం తరఫున మనలో ఒకరి పేరున అడుగుదాం. దరఖాస్తు రుసుము పది రూపాయలు. జవాబుకు గడువు 30 రోజులు. గడువు దాటితే అప్పీలు చేద్దాం, వార్డు సభలో ఆ కాగితం పైకెత్తి చదువుదాం. జవాబు వచ్చేలోపు దీపాలు ఆరిన సాయంత్రం ఏదైనా ఎదురైతే, బండి ఆపి, డివైడర్ మీద ఎవరైనా ఒక కాలు దింపి నిలబడి ఉన్నారేమో ముందు చూద్దాం. వాళ్లు దాటాక కదులుదాం.