తొమ్మిది రోజులు, ఏడు దేశాలు, ఒక జంట

యూరప్ ట్రిప్ అనగానే మన సాఫ్ట్‌వేర్ జనాలకి ఎక్కడలేని ఆవేశం వస్తుంది. పెళ్ళయిన రెండేళ్ళకో మూడేళ్ళకో ఇద్దరికీ ఒకేసారి పది రోజులు సెలవు దొరకడమే గగనం. దొరికిన ఆ పది రోజుల్నీ తీసుకెళ్ళి ఓ బస్సు డ్రైవరు చేతిలో పెడతారు. ప్యారిస్, బ్రసెల్స్, ఆమ్‌స్టర్‌డామ్, కొలోన్, స్విట్జర్లాండు మంచుకొండ, ఆస్ట్రియాలో ఒక ఫొటో స్టాపు, వెనిస్, పీసా, రోము. తొమ్మిది రోజులు, ఏడు దేశాలు. వాటికన్‌ని కూడా లెక్కేసి, కూరగాయలవాడు కొత్తిమీర కట్ట వేసినట్టు, ఏజెంటుగారు ఎనిమిదో దేశాన్ని కొసరుగా పడేస్తారు.

మా ఆఫీసులో ఇలాంటి ఎక్సెల్ షీట్లు ఏడాదికి నాలుగైదు నా ముందుకొస్తాయి. "ఎలా ఉంది?" అంటారు. అడిగారు కాబట్టి చెప్తున్నా, బాలేదు. జంటగా వెళ్ళేవాళ్ళు ఈ పరుగుపందెం మానేసి ఒక ఊళ్ళో కనీసం నాలుగు రాత్రులుండాలని నా వాదన. ఉదాహరణకి వెనిస్‌నే తీసుకుంటాను. ప్యాకేజీల చేతిలో ఎక్కువ అన్యాయమైపోయింది ఆ ఊరే. ఆ షీట్లలో వెనిస్‌కి కేటాయించేది నాలుగంటే నాలుగు గంటలు!

ఆ నాలుగు గంటల్లో ఏం జరుగుతుందో వరసగా చెప్తాను. వెనిస్ పాత ఊళ్ళోకి బస్సులూ కార్లూ వెళ్ళవు. ట్రోంకెట్టో అనే చోట దింపేస్తారు, అక్కణ్ణుంచి పడవ. శాన్ మార్కో దగ్గర దిగేసరికి పొద్దున్న పదిన్నర. సరిగ్గా అదే వేళకి మిగతా బస్సుల జనమూ దిగుతారు. జెండా పట్టుకుని గైడు ముందు, ముప్ఫై అయిదు మంది వెనకాల. మొదట గాజు వర్క్‌షాపు. ఒకాయన గాజు ఊది గుర్రంబొమ్మ చేసి చూపిస్తాడు, తర్వాత అందర్నీ షాపులోకి తోలతారు. బసిలికా బయట్నించే (లోపలికి క్యూ ఉంటుంది, టైము లేదు). నిట్టూర్పుల వంతెన దగ్గర ఫొటో. ఆఖర్న గొండోలా. నగరపాలక సంస్థ పెట్టిన రేటు ప్రకారం పగటిపూట అరగంటకి 90 యూరోలు, ఒక పడవలో అయిదుగురి దాకా ఎక్కొచ్చు (2023 నవంబరుకి ముందు 80 యూరోలుండేది). రేటు పడవకి కదా, అందుకని అయిదుగుర్నీ కుక్కుతారు. మీరిద్దరూ, ఎవరో తెలియని ఇంకో జంటా, ఆ అమ్మాయి మామగారూ. జీవితాంతం దాచుకోవాల్సిన ఫొటోలో మధ్యన ఆయన :-)

రెండున్నరకి మళ్ళీ పడవ, బస్సు. రాత్రికి పడక ఊరికి పాతిక కిలోమీటర్ల అవతల హైవే పక్క హోటల్లో. దీన్ని వెనిస్ చూడ్డం అంటారా? అమీర్‌పేట చౌరస్తాలో సాయంత్రం ఆరింటికి బస్సు దిగి, ఫొటో దిగి, మళ్ళీ బస్సెక్కి "హైదరాబాదు చూశాం" అంటే మనం ఒప్పుకుంటామా?

అసలు వెనిస్ మొదలయ్యేదే బస్సులు వెళ్ళిపోయాక. 1951లో ఆ పాత ఊళ్ళో సుమారు లక్షా డెబ్భై అయిదు వేలమంది ఉండేవారు. 2022కల్లా యాభైవేల లోపుకి పడిపోయారు. పగలొచ్చే జనం ముందు అది ఏ మూలకి? అందుకే రాత్రి తొమ్మిదింటికి సందుల్లో నడిస్తే మీ అడుగుల చప్పుడు మీకు వినిపిస్తుంది. బైకు లేదు, ఆటో లేదు, హారన్ లేదు. హారన్ల మధ్యే బతికే మన చెవులకి ఆ నిశ్శబ్దం మొదటిరోజు కొంచెం కంగారుగా కూడా ఉంటుంది. దానికి టిక్కెట్టు లేదు. కానీ రాత్రి అక్కడ ఉన్నవాళ్ళకే దొరుకుతుంది.

ఇది నా ఒక్కడి గోల కాదు. ఆ ఊరిదీ ఇదే మాట. 2024 ఏప్రిల్‌లో వెనిస్ నగరం పగటిపూట వచ్చిపోయేవాళ్ళ మీద, రద్దీ రోజుల్లో, 5 యూరోల ప్రవేశరుసుము పెట్టింది. 2025లో రోజుల సంఖ్య పెంచి, ఆలస్యంగా బుక్ చేసుకునేవాళ్ళకి దాన్ని 10 చేసింది. ఊళ్ళో రాత్రి ఉండేవాళ్ళు మాత్రం అది కట్టక్కర్లేదు (మినహాయింపు నమోదు చేసుకోవాలి. రాత్రికింతని వేరే పన్ను హోటలువాళ్ళే తీసుకుంటారు). అంటే ఊరే నోరు తెరిచి "ఉంటే ఉండండి, తొక్కి పోవద్దు" అంటోంది. ఇంకా ఎలా చెప్పాలి?

సరే, నాలుగు రోజులు ఏం చెయ్యాలంటారు. మన పనికి సంబంధించినవే ఎన్నో ఉన్నాయి. జావాలో, సీలో ప్రతి లైను చివరా పెడతామే సెమికోలన్, అది అచ్చులో మొదట కనిపించింది ఈ ఊళ్ళోనే, 1490ల్లో, ఆల్డస్ మనూటియస్ ప్రెస్సులో. ఇటాలిక్ అక్షరాలతో మొదటి పుస్తకం కూడా ఆయనదే, 1501లో (పైథాన్ వాళ్ళు కనీసం ఇటాలిక్స్‌కైనా కృతజ్ఞత చూపించాలి). జంటపద్దు లెక్కల విధానాన్ని వివరించిన లూకా పచోలీ పుస్తకం 1494లో అచ్చయిందీ ఇక్కడే. ఆర్సెనాలే అనే ఓడల కార్ఖానాలో ఓడని కాలవలో ముందుకి లాగుతుంటే ఇరుపక్కల గోదాముల్లోంచి తాళ్ళూ, తెడ్లూ, ఆయుధాలూ అందించేవారట. అసెంబ్లీ లైన్ అని ఇవాళ మనం అంటున్నది, ఫోర్డు పుట్టడానికి నాలుగొందల ఏళ్ళ ముందు!

మన ఊళ్ళతోనూ చుట్టరికం ఉంది. మార్కో పోలో ఈ ఊరివాడు, 1324లో పోయిందీ ఇక్కడే. ఆయన రాసిన 'ముత్ఫిలి' ఇప్పటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి అంటారు చరిత్రకారులు. అక్కడి వజ్రాల గురించీ, సాలెగూడంత పల్చటి బట్టల గురించీ, న్యాయంగా పాలించే రాణి గురించీ రాశాడు. ఆ రాణి మన రుద్రమదేవేనని అంటారు. కాకపోతే ఆవిణ్ణి చనిపోయిన రాజుగారి భార్యగా రాశాడాయన. నిజానికి గణపతిదేవుడి కూతురు. చూడండి, హడావిడిగా తెలుసుకుంటే అంతటి మార్కో పోలోకే కూతురు కాస్తా భార్య అయిపోయింది. నాలుగు గంటల్లో మనమెంత?

ప్లాను సంగతికొస్తాను. నా సూత్రం ఒకటే. రోజుకి ఒక్క బుకింగు, మిగతాది ఖాళీ. మొదటిరోజు దిగడం, గది చేరడం, ఊరికే నడవడం. గది పాత ఊళ్ళోనే తీసుకోండి. కన్నరేజో, కాస్తెల్లో పేటల్లో శాన్ మార్కో కన్నా అద్దె తక్కువ. మెస్త్రే ఇంకా చవకే, రైలు పది నిమిషాలే, కానీ మళ్ళీ మీరు పగటి మనిషే అయిపోతారు. పెద్ద సూట్‌కేసు వద్దు. వంతెనలు నాలుగొందల పైచిలుకు, దాదాపు అన్నిటికీ మెట్లే. చిరునామాల్లో చాలాసార్లు వీధిపేరు ఉండదు, పేట పేరూ ఒక నంబరూ అంతే. ఇరుకు సందుల్లో జీపీఎస్ తికమకపడుతుంది. దగ్గర్లో ఏ పడవ స్టాపు, ఏ చర్చి అని ఇంటివాళ్ళని ముందే అడిగి పెట్టుకోండి.

రెండోరోజు పొద్దున్నే డోజ్ ప్యాలెస్, మొదటి స్లాటు. నెలముందు కొంటే టిక్కెట్టు కొంచెం తక్కువ. తర్వాత శాన్ మార్కో గంటస్తంభం క్యూలో నిలబడకుండా పడవెక్కి ఎదురుగా ఉన్న శాన్ జోర్జో మజోరె స్తంభానికి వెళ్ళండి. లిఫ్టుంది, జనం తక్కువ, పైగా అక్కణ్ణుంచైతే శాన్ మార్కో కనిపిస్తుంది. మూడోరోజు రియాల్టో మార్కెట్టు, దాని తర్వాత స్కూలా గ్రాందె ది శాన్ రోకో. తింతొరెత్తో అనే చిత్రకారుడు ఒక్కడే 1564 నుంచి ఇరవై ఏళ్ళ పైన గోడలూ కప్పులూ నింపిన భవనం. మెడ నొప్పి పుట్టకుండా కప్పు చూడ్డానికి చేతి అద్దాలిస్తారు. నాలుగోరోజు పడవలో బురానో, తొర్చెల్లో. తొర్చెల్లో చర్చి 639 నాటిది, అంటే శాన్ మార్కో కన్నా పాతది. అయిదోరోజు 1516లో యూదుల్ని ఉంచిన పేట, ఘెట్టో. ఆ మాట ప్రపంచానికి అక్కణ్ణుంచే వచ్చింది. చూసి బయల్దేరండి.

ఖర్చులో పడవలు పెద్ద వాటా. 2025 రేట్లలో ఒక్క టిక్కెట్టు 9.50 యూరోలు, 72 గంటల పాసు 45. గొండోలా ఎక్కకపోతే ఎలా అంటే, గ్రాండ్ కెనాల్ దాటించే త్రగెత్తో అని ఉంది. అదీ గొండోలాయే, రెండు యూరోలు. రెండు నిమిషాల ప్రయాణం, మామగారు ఉండరు :-) శాన్ మార్కోలో పావురాలకి గింజలు వెయ్యకండి, 2008 నుంచి నిషేధం. మెట్లమీద కూచుని పులిహోర పొట్లం విప్పినా జరిమానా పడుతుంది.

ఇక నాకెదురయ్యే వాదనలు.

"అంత డబ్బు పెట్టి ఒక్క ఊరేనా?" రెండు ఊళ్ళు చెయ్యండి. వెనిస్ నాలుగు రాత్రులు, రైల్లో రెండు గంటల పైచిలుకు దూరంలో ఫ్లోరెన్స్ నాలుగు. ఏడు దేశాల ప్యాకేజీలో మీరు కొనేది ఎక్కువగా బస్సు సీటు. ఇంకోటి, షెంగెన్ లోపల ఒక దేశంనుంచి ఇంకో దేశానికి వెళ్తే పాస్‌పోర్టులో స్టాంపు కూడా పడదు. ఏడు దేశాలు తిరిగినట్టు చివరికి సాక్ష్యం కూడా మిగలదు! వీసాకి ఏడు దేశాలైనా ఒక్కటైనా ఫీజు ఒకటే, 2024 జూన్ నుంచి 90 యూరోలు.

"మళ్ళీ వెళ్తామో లేదో, అన్నీ చూసేస్తే పోలా?" మళ్ళీ వెళ్ళకపోతే మరీ మంచిది. ఒక్కసారే తినే భోజనమైతే ఏడు విస్తళ్ళ దగ్గర ఒక్కో ముద్ద తింటామా, ఒకచోట కూచుని తింటామా?

"తిండి?" ఇందులో కొంత నిజముంది. వెనిస్ తిండి ఎక్కువగా చేపలు. శాకాహారులకి పిజ్జా, పాస్తా దొరుకుతాయి గానీ, పార్మెజాన్ చీజులో దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్ వాడతారు, పట్టింపున్నవాళ్ళు ముందే చెప్పి తియ్యించుకోవాలి. అందుకే వంటగదున్న ఫ్లాటు తీసుకోమంటాను. కూరలు రియాల్టోలో, ఆవకాయ మీ అమ్మగారిది. నెయ్యి మాత్రం తీసుకెళ్ళకండి, బయటి దేశాలనుంచి పాలపదార్థాల్ని యూరప్‌లోకి రానివ్వరు.

"అమ్మానాన్నల్ని తీసుకెళ్తే?" అప్పుడు ప్యాకేజీయే మేలు, ఒప్పుకుంటాను. వాళ్ళకి వేళకి భోజనం, పక్కన మాట్లాడే మనిషి, సామాను మోసేవాడు కావాలి. నేను మాట్లాడుతోంది ఇద్దరే వెళ్ళేవాళ్ళ గురించి.

అసలు నా బాధంతా వాళ్ళ గురించే. మన ఇళ్ళల్లో సంగతి మనకి తెలియంది కాదు. ఒకరికి రాత్రి అమెరికా కాల్స్, ఇంకొకరికి పొద్దున్నే క్యాబ్. షిఫ్టు మారేటప్పుడు ఫైలు అప్పగించినట్టు వంటింటి దగ్గర ఎదురుపడి "పాలు తీసుకున్నావా, గ్యాస్ బుక్ చేశావా" అనుకుని విడిపోతాం. శనివారం బట్టలు, ఆదివారం చుట్టాలు. ఏడాదికి ఒక్కసారి వచ్చే ఆ పది రోజులకి కూడా ఆరింటికి వేకప్ కాలు, ఏడింటికి టిఫిను, ఎనిమిదింటికి బస్సు అంటే దానికీ స్టాండప్ మీటింగుకీ తేడా ఏంటి? పైగా ఆ షీటు తయారుచేసేది ఒకరు, రెండోవాళ్ళకి పీడీఎఫ్ వస్తుంది, "ఓకేనా?" అని. ఓకే కాకపోతే ఏం చెయ్యాలో అందులో ఉండదు.

నేను చెప్పేది చాలా సులువు. ఇద్దరూ విడివిడిగా, ఒకరిది ఒకరు చూడకుండా, ఆ ఊళ్ళో తమకి కావాల్సినవి మూడేసి రాయండి. ఆ ఆరే మీ ప్లాను. ఎవరిదీ కొట్టెయ్యకూడదు. మా ఆవిడ రాసిన మూడింట్లో ఒకటి "ఒక మధ్యాహ్నం నేనొక్కదాన్నే తిరగాలి". అదీ ప్లానులో ఉండాల్సిందే. జంటగా వెళ్ళడమంటే ఇరవైనాలుగ్గంటలూ అతుక్కుని తిరగడం కాదు. సాయంత్రం కలిసినప్పుడు చెప్పుకోడానికి కబుర్లుండాలి కదా. ఒకే ఇంట్లో ఉంటూ చెప్పుకోడానికి కబుర్లు మిగలని స్థితికి వచ్చేశాం మనం, దానికి మందు ఎనిమిదో దేశం కాదు.

తిరిగొచ్చాక ఆఫీసులో ఎన్ని దేశాలు చూశారని అడుగుతారు. ఒకటి అని చెప్పండి. నవ్వుతారు. నవ్వనివ్వండి. వాళ్ళావిడ నవ్విందో లేదో మాత్రం ఓసారి అడిగి చూడండి.