రాజీ కాగితం మీద వేలిముద్ర వెయ్యొద్దు

మ్యాన్‌హోల్‌లో మనిషి పడిపోతే ఫైరింజను వస్తుంది. దిగే ఫైర్‌మన్ వీపుకు గాలి సిలిండరు, మొహానికి మాస్కు ఉంటాయి. ఉండాల్సిందే. అదే గుంతలోకి గంట ముందు దిగిన మనవాడికి నడుముకు తాడు కూడా లేదు. డ్యూటీలో ఫైర్‌మన్ పోతే ఇంటిల్లిపాదికీ పెన్షను, కారుణ్య ఉద్యోగం అడగడానికి సర్వీసు రూల్సున్నాయి. మనవాడు పోతే పంచనామాలో 'ప్రమాదవశాత్తు' అని ఒక ముక్క రాసి పోతారు.

శవం మార్చురీలో ఉండగానే కాంట్రాక్టరు మనిషి దిగుతాడు. పక్కన మన పేట పెద్దమనిషే ఒకడుంటాడు, చెప్పుకోడానికి సిగ్గు! లక్షో రెండు లక్షలో చేతిలో పెట్టి 'మాకు కేసు అక్కర్లేదు' అన్న కాగితం మీద ఆ ఆడమనిషి చేత వేలిముద్ర వేయిస్తారు. ఏడుస్తున్న మనిషికి అందులో ఏం రాసిందో ఎవరు చదివి చెబుతారు?

అసలు లెక్క వినండి. సఫాయి కర్మచారి ఆందోళన్ 2003లో వేసిన కేసులో సుప్రీంకోర్టు 2014 మార్చి 27న తీర్పిచ్చింది. 1993 నుంచి మురుగు కాలువల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికీ 10 లక్షలివ్వాలంది. 2023 అక్టోబరు 20న ఆ మొత్తాన్ని 30 లక్షలు చేసింది. బతికి బయటపడినా శాశ్వతంగా అవిటివాడైతే 20 లక్షలకు తగ్గకూడదంది. పాత చావులకు ఇప్పటిదాకా పైసా అందనివాళ్లకూ ఈ 30 లక్షలే వర్తిస్తుంది. అర్జీ కలెక్టరుకు పెట్టాలి. కదలకపోతే హైకోర్టులో రిట్.

కేసు సంగతి వేరు. రక్షణ సామాను లేకుండా మనిషిని దింపడమే 2013 చట్టం కింద నేరం. మొదటిసారికే రెండేళ్లదాకా జైలు, 2 లక్షలదాకా జరిమానా, లేదా రెండూ. దళితుణ్ణి పాకీ పనికి పెట్టడం 2015 సవరణతో అట్రాసిటీ చట్టంలోకీ వచ్చింది. ఫిర్యాదులో ఈ రెండు చట్టాల పేర్లూ రాయండి. స్టేషన్లో తీసుకోకపోతే పై అధికారికి రిజిస్టర్డ్ పోస్టు చెయ్యండి. 'తనంతట తనే దిగాడండీ' అంటారు. కూలికి పిలవకుండా పీతిగుంతలోకి ఎవడు దిగుతాడు?

ఇంకో దారి కూలీ పరిహారం. 1923 నాటి చట్టం 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా కోడ్‌లో కలిసిపోయింది. పేరు మారినా పాత సూత్రం ఉంది: చావు పరిహారం అధికారి దగ్గర జమ కట్టాలి, యజమాని నేరుగా చేతికిచ్చింది పరిహారం కింద చెల్లదు. కాంట్రాక్టరు తప్పుకుంటే పని చేయించుకున్న అసలు యజమానిని పట్టుకోవచ్చు. రెండేళ్లలోపు అర్జీ పడాలి.

వకీలుకు డబ్బుల్లేవని ఆగొద్దు. ఎస్సీలకూ ఆడవాళ్లకూ ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును పెడుతుంది. ఎఫ్.ఐ.ఆర్. నకలు, పోస్టుమార్టం రిపోర్టు, గుంత ఫోటో, తోటి కూలీల పేర్లు ఆరోజే దగ్గర పెట్టుకోండి. రేపటికి మూత పడుతుంది, కూలీలు వేరే ఊరికి పోతారు.

కార్యకర్తలు ఈ పక్షంలో ఒక పని చెయ్యాలి. 1993 తర్వాత మీ మండలంలో ఇలా పోయినవాళ్ల ఇళ్లకు వెళ్లి ఏం అందిందో, ఏ కాగితం మీద వేలిముద్ర పడిందో రాసుకు రండి.