ఆరోగ్యవరం పక్కనే ఆగిపోతున్న గుండెలు

జిల్లా పేజీ తిప్పితే తరచూ కనబడే వార్తే ఇది: ‘ఆపన్నహస్తం కోసం ఎదురుచూపు’. ఇరవై, ఇరవై రెండేళ్ల బిడ్డ ఫొటో, పక్కన తండ్రి బ్యాంకు ఖాతా, కింద ఫోన్‌పే నంబరు. గుండె కవాటం పాడైంది, ఆపరేషనుకు లక్షలు కావాలి, దాతలు కనికరించాలి. ఊరు ఒకసారి మదనపల్లె, ఒకసారి పుంగనూరు, ఇంకోసారి కుప్పం. టమాటా ధర పడిపోయినా, పట్టుగూళ్లు దెబ్బతిన్నా అప్పు చేసి మరీ చదివించుకున్న బిడ్డ. ఇంటికి చేదోడు కావలసిన వయసు. ఆ ప్రాణం విలువ జిల్లా పేజీలో నాలుగు వాక్యాలేనా?

ఇది జరుగుతున్నది ఎక్కడో కాదు, ఆరోగ్యవరం పక్కన. క్షయ సోకిందంటే ఇక ఆశ వదులుకోవలసిందే అనుకున్న కాలంలో, 1915లో, మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో శానిటోరియం వెలిసింది. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోత్ మోలర్ దాన్ని నిలబెట్టారు. అక్కడ పనిచేసిన డాక్టర్ పి.వి. బెంజమిన్ తర్వాత భారత ప్రభుత్వానికే క్షయ వ్యాధి సలహాదారు అయ్యారు. 1948లో మన దేశంలో బీసీజీ టీకా పని మొదలైంది మదనపల్లెలోనే. ఇవాళ దేశంలో ఏ పసిబిడ్డకు ఆ సూది పడినా, దాని వెనక ఈ గడ్డ ఉంది. ఈ సంగతి మన పిల్లలకు ఎవరైనా చెప్పారా? క్షయ కూడా పడుచు ప్రాణాలనే ఎక్కువగా మింగేది. రోగిని నెలల తరబడి కనిపెట్టుకుని ఉండే వైద్యాన్ని ఈ నేల ఆనాడే నేర్చింది. మందులు లేని రోజుల్లో చేతనైన పని, అన్నీ ఉన్న ఈ రోజుల్లో ఎందుకు చేతకావడం లేదు?

మందు లేకనా? కాదు. ఈ కవాటం జబ్బు చాలాసార్లు చిన్నప్పటి గొంతునొప్పితో మొదలవుతుంది. ఆ గొంతునొప్పి ఇరుకు ఇళ్లలో పిల్లల నుంచి పిల్లలకు పాకుతుంది. ఎవరూ పట్టించుకోరు. కొందరికి జ్వరం, కీళ్లవాపు వచ్చి పోతాయి. కవాటం మాత్రం లోలోపల బిగుసుకుపోతూనే ఉంటుంది. ఆ జ్వరాన్ని సకాలంలో గుర్తించి మూడు వారాలకొకసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ ఇస్తే జబ్బు ముదరకుండా చాలావరకు ఆపవచ్చు. కొద్ది రూపాయల సూది అందక, లక్షల ఆపరేషన్ దాకా వస్తోంది. మెట్లెక్కితే ఆయాసమనో, తొలి కాన్పు నాటికి ఊపిరాడటం లేదనో వెళితే అప్పుడు బయటపడుతుంది. మనకు కవాటం తయారుచేసుకునే సత్తా లేదా? తిరువనంతపురం శ్రీ చిత్ర సంస్థ తానే రూపొందించిన కవాటాన్ని 1990లోనే రోగికి అమర్చింది. లోపం విద్యలో లేదు, పట్టింపులో ఉంది.

పద్దెనిమిదేళ్ల వరకూ పిల్లల్ని పరీక్షించడానికి బాల స్వాస్థ్య కార్యక్రమం ఉంది. తిరుపతిలో 2021లో టీటీడీ పసి గుండెల కోసం శ్రీ పద్మావతి హృదయాలయం తెరిచింది. చేతులెత్తి మొక్కవలసిన పని. మరి పంతొమ్మిదో ఏడు రాగానే ఆ బిడ్డ ఎవరి బిడ్డ? 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ ఇప్పుడు వైద్యసేవ అయింది. ఆపరేషన్ ఖర్చు భరిస్తుంది, కాదనను. కానీ బకాయిలు రాలేదని ఆసుపత్రులు సేవలు ఆపేసిన రోజులూ చూశాం. ఆ రోజుల్లో గుండె ఆగి ఎదురుచూస్తుందా? బెంగళూరుకో వేలూరుకో పదేపదే తిరిగే చార్జీలు ఎవరిస్తారు? తోడు వెళ్లిన తల్లి పోగొట్టుకున్న కూలి ఏ కార్డు తీరుస్తుంది? లోహపు కవాటం పెట్టించుకున్నవాళ్లు రక్తం గడ్డకట్టకుండా బతికినంత కాలం మాత్రలు మింగాలి, రక్తం గడ్డకట్టే తీరు చూసే ఐఎన్ఆర్ పరీక్ష చేయించుకుంటూ ఉండాలి. డబ్బు లేక మాత్ర మానేస్తే, అంత కష్టపడి పెట్టిన కవాటంలోనే రక్తం గడ్డకట్టి ప్రాణం తీయవచ్చు. నిలబెట్టిన ప్రాణాన్ని మాత్ర దగ్గర వదిలేయడం ఏ న్యాయం?

అయ్యా, ఏలినవారూ! పుంగనూరు పొట్టి ఆవు అంతరించిపోతుంటే పలమనేరు పరిశోధన కేంద్రంలో కాపాడుకున్నాం. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి ఢిల్లీలో తన నివాసంలో వాటికి మేత తినిపించారు. చూసి గర్వపడ్డాం, గర్వపడాలి కూడా. అదే పుంగనూరు బిడ్డకు ఆ శ్రద్ధలో వంతు లేదా? కుప్పం 1989 నుంచి ఒకే నాయకుణ్ణి గెలిపిస్తూ రాష్ట్రానికి ముఖ్యమంత్రిని ఇచ్చింది. పుంగనూరు మంత్రిని ఇచ్చింది. మదనపల్లె ప్రభుత్వ వైద్య కళాశాలకు 2021లో పునాదిరాయి వేశారు. దాన్ని ఎవరు కట్టాలి, ఎవరు నడపాలి అని పార్టీలు వాదులాడుకున్నాయి. మీ వాదన తేలేదాకా ఆయాసం ఆగుతుందా?

మేం అడిగేది దయ కాదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రభుత్వాసుపత్రుల్లో ఎకో పరీక్ష జరగాలి, పెన్సిలిన్ సూది ఏనాడూ లేదనిపించుకోకూడదు. ఆపరేషన్ అయినవాళ్లకు మాత్రలు, రక్తపరీక్ష ఉన్న ఊళ్లోనే, బతికినంత కాలం, పైసా ఖర్చు లేకుండా అందాలి. ఆరోగ్యవరం ఉన్న చోట గుండె వైద్య విభాగం ఒకటి లేవాలి. వచ్చే బడ్జెట్‌లో దానికి పద్దు చూపించండి.