ఆటోమేషన్ ముందు ఎవరికి ఎసరు పెడుతుంది?

ఇంట్లో బియ్యం బస్తా ఉంటే ఒకసారి దాని మీద చూడండి. చాలా బ్రాండ్ల మీద ‘సార్టెక్స్’ అని ఉంటుంది. అదేదో వరి రకం అనుకునేవాళ్లు ఉన్నారు గానీ, అది మెషిన్ పేరు. గింజలు జారి పడుతుంటే కెమెరా ఒక్కోదాన్నీ చూస్తుంది, రంగు తేడా ఉన్న గింజని గాలి ఊది పక్కకి నెట్టేస్తుంది. మన ఫోన్‌లో ఉండే ఇమేజ్ సెన్సార్ లాంటిదే. తాడేపల్లిగూడెం వైపు మిల్లులకి ఇదేం కొత్త కాదు. ఒకప్పుడు ఆడవాళ్లు చేటలో పోసుకుని మట్టిబెడ్డలూ నల్లగింజలూ ఏరేవారు. ఏఐ అనే మాట మన ఫీడ్‌లోకి రాకముందే ఆ పనికి కాలం చెల్లింది. దాని మీద ఎవరూ వీడియో చేయలేదు లెండి.

అదే లెక్కన కొల్లేరు చెరువుల్లో పని కూడా ఈపాటికి పోవాలి కదా? విజయవాడలో ఎరువాక టెక్నాలజీస్ 2012లోనే మొదలైంది. నీటిలో ఆక్సిజన్ కొలిచే సెన్సార్లు, ఆటోమేటిక్ ఫీడర్లు, ఫోన్‌లో యాప్, అన్నీ ఉన్నాయి. రొయ్యలు మేత కొరికే చప్పుడు నీటి అడుగున మైక్‌తో విని, ఆకలిని బట్టి మేత వదిలే ఫీడర్లు కూడా ప్రపంచంలో వచ్చేశాయి. అయినా చెరువు గట్టు మీద మనిషి ఉన్నాడు. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. సరిగ్గా అప్పుడే కరెంటు పోతే ఏరేటర్లు ఆగుతాయి. యాప్ అలర్ట్ పంపుతుంది, సరే. చీకట్లో వెళ్లి జనరేటర్ స్టార్ట్ చేసేది ఎవరు?

నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ల పనిలో ఈ బురద లేదు. టెక్స్ట్ లోపలికి వెళ్తుంది, టెక్స్ట్ బయటికి వస్తుంది. యూనిట్ టెస్టులు, డాక్యుమెంటేషన్, చిన్నాచితకా బగ్ ఫిక్సులు: ఫ్రెషర్‌కి మొదటి ఏడాది ఇచ్చేవి ఇవే, కోపైలట్ లాంటి టూల్స్ సులువుగా చేసేసేవీ ఇవే. కాబట్టి ‘బీటెక్ ఉంది, సేఫ్’ అనే లెక్క పనికిరాదు. మిల్లులో గింజల్లా పని వరసగా, ఒకే తీరుగా వచ్చే చోటికే మెషిన్ ముందు వస్తుంది.

2025 జులైలో టీసీఎస్ దాదాపు 2 శాతం, అంటే 12 వేలకి పైగా ఉద్యోగాలు తగ్గిస్తామని చెప్పింది. ఎక్కువగా మిడిల్, సీనియర్ స్థాయిల్లోనే. ఏఐ వల్ల కాదని కూడా కంపెనీయే చెప్పింది. అది పెద్ద వార్త అయింది. కానీ టీమ్‌లో ఒకరు మానేస్తే ఆ సీటు భర్తీ చేయకుండా వదిలేస్తే, అది వార్త కాదు. నా భయమంతా ఆ రెండో రకం గురించే.

ఎందుకంటే రొయ్యల చెరువులో చెక్ ట్రే పైకి లాగి, మిగిలిన మేతా రొయ్య పేగూ చూసి, ఏదో తేడా ఉందని పసిగట్టేవాళ్లు ఉంటారు. ఏళ్ల తరబడి మేత చల్లితే, ట్రేలు లాగితే వచ్చే చూపు అది. ఫీడర్ కొన్న రైతుని తప్పు పట్టలేం. రొయ్యల సాగులో అతిపెద్ద ఖర్చు మేతదే, పైగా మిగిలిన మేత అడుగున కుళ్లి నీళ్లు పాడుచేస్తుంది. కానీ చల్లే పని మెషిన్‌కి పోయాక కొత్త కుర్రాణ్ని ఎవరు పెట్టుకుంటారు? పదేళ్ల తర్వాత ఫీడర్ తప్పు చేస్తోందని ఎవరు కనిపెడతారు? ఏఐ రాసిన కోడ్‌ని రివ్యూ చేయాల్సిన సీనియర్ల సంగతీ అంతే. సొంతంగా కోడ్ రాసి, రివ్యూల్లో తిట్లు తినకుండా ఎవరూ సీనియర్ అవ్వరు.

తాడేపల్లిగూడెం నిట్‌లోనో, ఏలూరు కాలేజీల్లోనో ఫైనలియర్ ప్రాజెక్టుకి పాండ్ మానిటర్ చేస్తున్నవాళ్లు ఇది చదువుతుంటే ఒక్క మాట. యాప్‌లో ఓనర్ లాగిన్ ఒక్కటే పెట్టి వదిలేయకండి. గట్టు మీద మనిషికి కూడా ఒక లాగిన్ పెట్టండి. తెలుగులో, తడి చేత్తో నొక్కినా పనిచేసేంత పెద్ద బటన్లతో. చెక్ ట్రేలో తను చూసింది వాయిస్‌లో చెప్పి సేవ్ చేసుకునేలా, దాని పక్కన తన పేరు కూడా ఉండేలా.