నాలుగోసారికి నచ్చే సంగీతం

ఎలక్ట్రానిక్ డాన్స్ మ్యూజిక్ అనగానే మన దగ్గర చాలామందికి గుర్తొచ్చేది ఊరేగింపులో లారీ మీద పేర్చిన స్పీకర్లు, లేదా ఫోన్‌లో అరనిమిషం రీల్. ఆ రెండూ విని ‘ఇదేం సంగీతం, ఒకటే దడదడ’ అనేస్తున్నాం. అది తొందరపాటు తీర్పు. ఈ సంగీతం మీద మనుషులకు తొలిసారి మనసు ఎలా పడిందో దాని పుట్టింటికి వెళ్లి చూస్తే తెలుస్తుంది. వినగానే నచ్చడం దీని స్వభావం కాదు. తగిన చోట, తగినంత సేపు, పదిమంది మధ్య ఒళ్లు కదిలిస్తూ విన్నప్పుడే ఇది పట్టుబడుతుంది. ఆ అవకాశం మన కుర్రకారుకు ఎక్కడా ఇవ్వకుండా, వాళ్ల అభిరుచి మీద మాత్రం తీర్పులు ఇస్తున్నాం.

షికాగోలో 1977లో తెరుచుకున్న వేర్‌హౌస్ క్లబ్‌కు వచ్చేవాళ్లలో ఎక్కువమంది నల్లజాతి, లాటినో స్వలింగ సంపర్కులు. బయట ఎక్కడా నిశ్చింతగా నిలబడలేని ఆ మనుషుల కోసం ఫ్రాంకీ నకల్స్ తెల్లవార్లూ రికార్డులు కలిపి వాయించేవాడు. హౌస్ సంగీతానికి ఆ పేరు ఆ క్లబ్ నుంచే వచ్చిందంటారు. 1979 జులై 12న అదే నగరంలోని కొమిస్కీ పార్క్ బేస్‌బాల్ మైదానంలో వేలమంది చూస్తుండగా డిస్కో రికార్డులను గుట్టపోసి పేల్చేశారు. అయినా డిస్కో మోగే అలాంటి క్లబ్బుల్లో ఆట ఆగలేదు. కొన్నేళ్లకు మ్యూజిక్ బాక్స్ అనే మరో క్లబ్‌లో రాన్ హార్డీ అనే డీజే చేతికి ఒక టేపు వచ్చింది. ఇచ్చినవాళ్లు ఫ్యూచర్ అనే బృందం కుర్రాళ్లు. వాళ్ల చేతిలో ఉన్నది రోలాండ్ కంపెనీ 1981లో తెచ్చిన టీబీ-303. పక్కన బేస్ గిటార్ వాయించేవాడు లేని సంగీతకారుడికి తోడుగా ఉంటుందని తయారుచేసిన చిన్న పెట్టె అది. బేస్ గిటార్‌లా పలకనే లేదు. సరిగ్గా అమ్ముడుపోక 1984లో తయారీ ఆపేశారు. సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరికిన ఆ పెట్టె మీద ఒకే స్వరాల వరసను తిప్పితిప్పి పలికిస్తూ, కటాఫ్, రెజొనెన్స్ అనే రెండు నాబ్‌లను మెల్లగా తిప్పుతూ పోయారు. మూలుగులా మొదలైన ధ్వని బుడబుడలాడి, సాగి, కీచుమంటుంది, మళ్లీ అడుక్కి దిగిపోతుంది. గాయకుడు లేడు, పల్లవి లేదు, చరణం లేదు. ‘యాసిడ్ ట్రాక్స్’ పేరుతో 1987లో రికార్డుగా వచ్చినప్పుడు దాని నిడివి 11 నిమిషాల పైమాటే.

ఆ టేపు మొదటిసారి మోగిన రాత్రి గురించి బృందంలోని డీజే పియర్ పలుమార్లు చెప్పాడు. తొలిసారి వేయగానే జనం డాన్స్‌ఫ్లోర్ వదిలి పక్కకు వెళ్లిపోయారు. హార్డీ టేపు పారేయలేదు. కాసేపాగి మళ్లీ వేశాడు, ఆ తర్వాత ఇంకోసారి వేశాడు. నాలుగోసారి వేసేసరికి అదే జనం పూనకం వచ్చినట్టు ఊగిపోయారు. టేపు మారలేదు, మనుషులూ మారలేదు. మధ్యలో గడిచింది కొన్ని గంటలు మాత్రమే. పరిచయం పెరిగినకొద్దీ ఇష్టం పెరుగుతుందని మనస్తత్వవేత్త రాబర్ట్ జాయన్స్ 1968లోనే ప్రయోగాలతో చూపించాడు. ఆ రాత్రి అంతకంటే ఎక్కువే జరిగింది. ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు మళ్లీ వేయాలో తెలిసిన ఒక మనిషి, ఆ ధ్వనిని మోయగల స్పీకర్లు, తెల్లారేదాకా అక్కడే ఉండే జనం ఒక్కచోట కలిశారు.

ఆ మూడూ లేకపోతే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ మన దేశంలోనే ఉంది. హిందీ సినిమా పాటలకు వాద్యకారుడిగా పనిచేసిన చరణ్‌జిత్ సింగ్ 1982లో ముంబయిలో అదే టీబీ-303 మీద, టీఆర్-808 డ్రమ్ మెషిన్ తోడుగా పది రాగాలను డిస్కో దరువు మీద పలికించి రికార్డు తెచ్చాడు. షికాగో కుర్రాళ్ల కంటే ఐదేళ్లు ముందు. ఆ రికార్డును పట్టించుకున్నవాళ్లు లేరు. 2010లో విదేశంలో మళ్లీ విడుదలయ్యాకే ప్రపంచం ఆశ్చర్యపోయి విన్నది. సంగీతంలో లోపం లేదు. నాలుగుసార్లు వేసే హార్డీ లేడు, ఆగి వినే ఫ్లోర్ లేదు. 28 ఏళ్లు ఒక గొప్ప ప్రయోగం అలా మూలన పడి ఉండటం తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

చోటుకు అంత ప్రాముఖ్యం ఎందుకంటే, ఈ సంగీతంలో కొంత భాగం చెవికి అందేది కాదు. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2022లో ప్రచురించిన అధ్యయనం ఇందుకు సాక్ష్యం. ఆర్ఫిక్స్ అనే ఎలక్ట్రానిక్ జోడీ కచేరీ చేస్తుంటే, సుమారు 8 నుంచి 37 హెర్ట్జ్ మధ్య అతి మంద్రధ్వనులు పలికే స్పీకర్లను రెండున్నర నిమిషాలకోసారి ఆన్, ఆఫ్ చేస్తూ పోయారు. శ్రోతల తలకు కట్టిన పట్టీలు వాళ్ల కదలికలను నమోదు చేశాయి. స్పీకర్లు ఆన్‌లో ఉన్నప్పుడు జనం సగటున 11.8 శాతం ఎక్కువగా కదిలారు. ఆ ధ్వని ఉందో లేదో వాళ్లకు తెలియలేదని విడిగా చేసిన పరీక్షలో తేలింది. ఫోన్ స్పీకర్‌లో ఆ ధ్వని పలకనే పలకదు. ఫోన్‌లో విని ‘ఇందులో ఏముంది’ అనేవాళ్ల మాట ఒకరకంగా నిజమే, వాళ్లకు వినిపించిన దాంట్లో ఉండాల్సింది లేదు.

దీనికి గట్టి అభ్యంతరమే ఒకటి ఉంది. గదిలో ఒంటరిగా విని ఈ సంగీతానికి దాసులైనవాళ్లు లేరా? ఉన్నారు. డెట్రాయిట్‌లో టెక్నోకు రూపమిచ్చిన హువాన్ ఆట్‌కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ మీద రాత్రిపూట రేడియోలో ఎలక్ట్రిఫయింగ్ మోజో కార్యక్రమం వేసిన ముద్ర చిన్నది కాదు. జర్మన్ బృందం క్రాఫ్ట్‌వెర్క్‌నూ, అమెరికన్ ఫంక్‌నూ పక్కపక్కన వినిపించిన కార్యక్రమం అది. ఒంటరి చెవితోనూ తలుపు తెరుచుకుంటుందని ఒప్పుకోవాల్సిందే. అయితే రేడియో వాళ్లకు ఇచ్చింది అరనిమిషం ముక్కలు కాదు, రాత్రుళ్లకు రాత్రుళ్లు. పైగా డెరిక్ మే షికాగో వెళ్లి నకల్స్, హార్డీ వాయించే క్లబ్బుల్లో నిలబడ్డాకే తాను చేయాల్సిందేమిటో స్పష్టంగా చూశాడు. రేడియో ఆసక్తి పుట్టించింది, ఫ్లోర్ దాన్ని ప్రేమగా మార్చింది.

ఒకే దరువు మళ్లీ మళ్లీ రావడం సంగీతమెలా అవుతుందని ఇంకొందరు అడుగుతారు. 1994లో బ్రిటన్ పార్లమెంటు రేవ్ పార్టీలను అణిచే చట్టం చేసినప్పుడు ఆ సంగీతానికి గుర్తుగా పట్టుకున్నదీ ఈ పునరావృతాన్నే. మన పల్లెల్లో చెక్కభజన చూసినవాళ్లు ఈ ప్రశ్న అడగనక్కర్లేదు. అడుగు అదే, తాళం అదే, నడక మాత్రం మెల్లగా మొదలై వేగం పుంజుకుంటుంది. గట్టున నిలబడి చూస్తున్నవాడి కాలు వాడికి తెలియకుండానే కదులుతుంది. జర్మనీ అయితే ఇలాంటి పునరావృతం మీదే నడిచే బెర్లిన్ టెక్నోను 2024లో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చుకుంది.

మత్తుమందుల మాట దాటవేయలేను. 1988 నుంచి బ్రిటన్ రేవ్‌లతో ఎక్స్‌టసీ మాత్రలు కలిసి నడిచాయి, ప్రాణాలు పోయాయి. పిల్లల్ని కన్నవాళ్ల భయం న్యాయమైనదే. కానీ న్యూయార్క్‌లో 1977 నుంచి పదేళ్లు నడిచి, ప్రపంచంలోని క్లబ్బులకే వరవడి అయిన పారడైజ్ గరాజ్‌లో మద్యం అమ్మేవారు కాదు. అక్కడ మత్తు అసలే లేదని చెప్పను. జనాన్ని రప్పించింది మాత్రం డీజే లారీ లెవాన్, రిచర్డ్ లాంగ్ కట్టిన సౌండ్ సిస్టమ్. మద్యం అమ్మకం మీద బతకాల్సిన అవసరం లేని చోట ఈ సంగీతం ఇంకా బాగా వికసించింది.

మన దగ్గర జరుగుతున్నది దీనికి తలకిందులు. హైదరాబాద్‌లో మంచి సౌండ్‌తో డీజే సెట్ వినాలంటే ఎక్కువగా పబ్బే దిక్కు. మద్యానికి చట్టం పెట్టిన వయసు 21. తాగని అమ్మాయికి, 19 ఏళ్ల కుర్రాడికి మిగిలింది ఫోన్, లేదంటే ఊరేగింపు లారీ. మతపరమైన ఊరేగింపుల్లో డీజే సౌండ్‌ను హైదరాబాద్ పోలీసులు 2024 అక్టోబరులో నిషేధించారు. ఆ నిర్ణయాన్ని సమర్థిస్తాను. ఇళ్ల కిటికీలు అదిరేలా, వద్దన్నవాడి చెవిలో కూడా మోగించడం ఏ సంగీతానికీ మర్యాద కాదు. అయితే వీధిలో వద్దన్నాక గదిలో చోటు చూపించాలి. పెద్ద ఆడిటోరియాలన్నీ కుర్చీలు బిగించి కట్టాం. డాన్స్ చేయడానికి వీలైన, గోడలకు ధ్వని నిరోధకం ఉన్న, మద్యం అమ్మని ఒక్క హాలు జిల్లా కేంద్రానికి ఉన్నా చాలు. ధ్వని ఎంత ఉండాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లోనే చెప్పింది. 15 నిమిషాల సగటు 100 డెసిబెల్స్ మించకూడదు, మధ్యలో చెవులకు విశ్రాంతినిచ్చే నిశ్శబ్దపు చోటు ఉండాలి. అలాంటి హాళ్లు వచ్చేదాకా కాలేజీలైనా మొదలుపెట్టవచ్చు. వార్షికోత్సవంలో గంటసేపు సినిమా పాటల రీమిక్సులతో ముగిసే డీజే నైట్‌కు బదులు, సాయంత్రం ఆరు నుంచి పది దాకా ఒకే డీజేకు వేదిక అప్పగించి, తనకు నచ్చిన క్రమంలో వాయించనివ్వాలి. మొదటి గంటలో సగంమంది బయటికి వెళ్లిపోయినా నిర్వాహకులు కంగారుపడి మైకు లాక్కోకూడదు.